రాగి లూప్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

అమెరికాలో 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం స్థానిక టెలిఫోన్ కంపెనీలకు కొత్త ధర్మం ఒకటి విధించింది. ఊరంతా తీగలు వేసుకుని కూర్చున్న పాత కంపెనీ, పోటీకి వచ్చిన కొత్త కంపెనీకి తన తీగలను విడిభాగాలుగా అద్దెకివ్వాలి. వ్యవహారంలో పాతదాన్ని ఐలెక్ అనీ, కొత్తదాన్ని సీలెక్ అనీ అంటారు. ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని ఇద్దరూ కూర్చుని ఒప్పందం రాసుకోవాలి; కుదరకపోతే రాష్ట్ర కమిషన్ తీర్పు చెబుతుంది. ఒకరి మొహం ఒకరికి గిట్టనివారు రాసుకున్న పత్రం గనుక ఇందులో యుద్ధమంతా నిర్వచనాల అధ్యాయంలోనే జరుగుతుంది.

మూలగ్రంథం కఠినమైనదేనా అన్న శంక అక్కర్లేదు. 1999లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు రాస్తూ జస్టిస్ స్కాలియా, ఈ చట్టం చాలాచోట్ల సందిగ్ధతకే ఆదర్శమనీ, తన మాటను తానే ఖండించుకుంటుందనీ మొగమాటం లేకుండా చెప్పారు. ఇలాంటి గ్రంథం దొరకడం వ్యాఖ్యాతల పూర్వజన్మ సుకృతం.

మూలం

‘ఏ రాగి లూపు మీద ఐలెక్ స్వరసేవ నందించుచున్నదో, ఆ లూపు మీదనే, ఐలెక్ అల్ప పౌనఃపున్య భాగమును, సీలెక్ అధిక పౌనఃపున్య భాగమును వాడుకొనుచుండగా, సీలెక్ డీఎస్ఎల్ సేవ నందించుట లైన్ షేరింగ్ అనబడును.’

(ఇది ఫెడరల్ నియమావళిలోని నిర్వచనపు సారం. ఒప్పందాలు రాసే వకీళ్లు దీన్నే తలా ఒక చేయి వేసి పొడిగించారు.)

ప్రతిపదార్థం

లూపు = ఎక్స్ఛేంజిలో తీగలన్నీ వచ్చి చేరే చట్రం (ఎండీఎఫ్) మొదలు చందాదారు ఇంటిగోడ దగ్గర కంపెనీ బాధ్యత ముగిసే చోటు దాకా సాగే జంట తీగ. గోడ లోపలి వైరు లూపు కాదు; దాన్ని ఎలుక కొరికితే ఐలెక్‌కు గానీ, సీలెక్‌కు గానీ పాపం అంటదు.

రాగి = స్పష్టం. అయినా ఒక మాట. 18,000 అడుగులు దాటిన తీగల మీద గొంతు తేటగా వినిపించడానికి పూర్వీకులు లోడ్ కాయిల్స్ బిగించారు. అవి మాటను బతికిస్తాయి, డీఎస్ఎల్‌ను చంపుతాయి. సీలెక్ అడిగితే ఐలెక్ వాటిని ఊడదీయాలి, కానీ మాట నాణ్యత చెడకూడదు. రాగి దొరికినంత మాత్రాన సరిపోదు, శుద్ధి చేయించుకోవాలన్నమాట.

స్వరసేవ = మామూలు ఫోను. డీఎస్ఎల్ సేవ = ఫోను తీగ మీదే నడిచే బ్రాడ్‌బ్యాండ్.

అల్ప పౌనఃపున్య భాగము = సుమారు 4 కిలోహెర్ట్జ్ లోపల ఉండే ఫ్రీక్వెన్సీ. హలో అనే మాటా, రాంగ్ నంబర్ అనే మాటా ఇందులోనే పోతాయి.

అధిక పౌనఃపున్య భాగము = డీఎస్ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్ఎల్ విషయంలో 26 కిలోహెర్ట్జ్ నుంచి 1,104 కిలోహెర్ట్జ్ దాకా. కింది భాగానికీ దీనికీ నడుమ కొంత ఖాళీ వదిలారు. గిట్టనివారి మధ్య ఆ మాత్రం ఎడం మంచిదే.

పదకృత్యం

నిర్వచనానికి అతివ్యాప్తి, అవ్యాప్తి, అసంభవం అని మూడు దోషాలు చెప్పారు తార్కికులు. ఏ మాట తీసేస్తే ఏ దోషం వస్తుందో చూద్దాం. ‘రాగి’ తీసేస్తే ఫైబర్‌లోనూ భాగం అడుగుతారు. ‘ఆ లూపు మీదనే’ తీసేస్తే ఒకే ఇంటికి వచ్చే రెండు వేరు తీగలు కూడా షేరింగే అవుతాయి. ‘అధిక’ తీసేస్తే, మాట పోవలసిన కింది భాగాన్ని కూడా ఆక్రమించే ఎస్‌డీఎస్ఎల్ అనే మరో రకం వచ్చి కూర్చుంటుంది. ఇక ఫోను పని చెయ్యదు.

మిగిలింది ‘ఐలెక్ స్వరసేవ నందించుచున్న’ అనే విశేషణం. చూడ్డానికి ఊతపదంలా ఉంటుంది. ఇది లేకపోతే, ఒక సీలెక్ ఫోనునూ ఇంకో సీలెక్ డీఎస్ఎల్‌నూ ఇస్తున్న తీగకు కూడా ఈ పేరే పట్టేది. అది వేరే, దాని పేరు లైన్ స్ప్లిటింగ్. అతివ్యాప్తి తొలగింది, తార్కికుడు తృప్తిపడ్డాడు. సీలెక్ ప్రాణాలు ఈ మాటలోనే ఉన్నాయని ముందు ముందు తెలుస్తుంది.

అలంకారం

శ్లేష, సందేహం లేదు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణమూ భారతమూ చెప్పినట్టు, ఇక్కడ ఒకే తీగ మాటనూ డేటానూ మోస్తుంది. విడదీసి చూపే వ్యాఖ్యాత పేరు స్ప్లిటర్. అయితే సూరన గారికి రెండు అర్థాలూ తనవే. ఇక్కడ ఒక్కో అర్థానికి ఒక్కో యజమాని. పైగా వ్యాఖ్యాత ఎవరి సొత్తు, ఎక్స్ఛేంజిలో ఎవరి బీరువాలో ఉండాలి, పాడైతే ఎవరి టెస్టు సెట్టు ముందు తగిలించాలి అన్నవాటికే ఒప్పందంలో పేజీలు ఖర్చయ్యాయి.

ఆక్షేపం, సమాధానం

ఐలెక్ అంటుంది: తీగ నాది. కింది భాగం నేను వాడుకుంటే వాడుకుంటాను, పైభాగానికి అద్దె ఇవ్వొద్దా?

1999 చివర లైన్ షేరింగ్‌ను తప్పనిసరి చేసిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దీనికిచ్చిన సమాధానం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. నీ సొంత డీఎస్ఎల్‌కు టారిఫ్ వేసుకున్నప్పుడు అందులో తీగ ఖర్చు ఎంత చూపించావో, పోటీదారు దగ్గర అంతకు మించి తీసుకోనివ్వకుండా రాష్ట్ర కమిషన్లు కట్టడి చేయొచ్చు అంది. ఐలెక్‌లు సాధారణంగా చూపించింది సున్నా, లేదా దాదాపు సున్నా. తీగ ఖర్చంతా ఫోను చందాలోనే రాబట్టుకుంటున్నాం గనుక డీఎస్ఎల్‌కు అదనంగా ఏమీ లేదని వాళ్లే లెక్క రాశారు. ఆ లెక్కే ఎదురుతిరిగింది. తీగను ఉచితంగా ఎత్తుకుపోతున్నారని పాత కంపెనీలు గగ్గోలు పెట్టాయి. పూర్తిగా అన్యాయమైన గోల కాదనే నా అభిప్రాయం. కానీ సున్నా రాసింది ఎవరు?

విశేషం

ఇప్పుడు ఆ విశేషణం దగ్గరకు వద్దాం. చందాదారు ఫోను వద్దనుకున్నాడు. లేదా బిల్లు కట్టలేదని ఐలెక్ కోసేసింది. ‘స్వరసేవ నందించుచున్న’ అన్న మాట ఆ క్షణాన అబద్ధమవుతుంది, దానితో లైన్ షేరింగూ పోతుంది. డీఎస్ఎల్ కొనసాగించాలంటే సీలెక్ మొత్తం లూపును పూర్తి అద్దెకు తీసుకోవాల్సిందే అని కమిషన్ ఉత్తర్వే చెప్పింది. అంటే తన చందాదారు తన పోటీదారుకు నెలనెలా బిల్లు సక్రమంగా కట్టాలని సీలెక్ కోరుకోవాలి. ప్రపంచ వాణిజ్యంలో ఇంత నిస్వార్థమైన కోరిక అరుదు.

ఇంకో చిత్రం. చందాదారు ఫోనును మాత్రం మరో సీలెక్‌కు మార్చుకున్నాడనుకోండి. అదే తీగ, అదే స్ప్లిటర్, అవే రెండు భాగాలు. పేరు మాత్రం లైన్ స్ప్లిటింగ్, ఒప్పందంలో అనుబంధ పత్రం వేరు, ధర వేరు. ఇది అసలు అనుమతించదగినదేనా అన్న సందేహం తీర్చడానికి 2001 జనవరిలో కమిషన్ మళ్లీ ఉత్తర్వు రాయవలసి వచ్చింది.

ఇక ఈ ఒప్పందాలు ఒకరివి చూసి ఒకరు రాసుకోవడం దొంగతనం కాదా అంటే, కాదు, చట్టమే ఒప్పుకుంది. 2004 దాకా ఇతరుల ఒప్పందంలోంచి నచ్చిన నిబంధనను ఏరుకునే వీలుండేది. ఆ ఏడు నియమం మారి, ఎత్తితే మొత్తం ఒప్పందాన్నే ఎత్తాలన్నారు.

ఫలశ్రుతి

2001లోనే నార్త్‌పాయింట్, రిథమ్స్, కోవాడ్ అనే మూడు పెద్ద డీఎస్ఎల్ సీలెక్‌లూ దివాలా కోర్టు మెట్లెక్కాయి. కోవాడ్ ఒక్కటే తేరుకుని బయటపడింది. 2002 మేలో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు లైన్ షేరింగ్ ఉత్తర్వునే కొట్టేసింది. కేబుల్ టీవీ కంపెనీలు బ్రాడ్‌బ్యాండ్‌లో అప్పటికే ముందుండగా, ఆ పోటీని పట్టించుకోకుండా రాగిలో వాటా ఎందుకిప్పించారని అడిగింది. 2003లో కమిషన్ మూడేళ్ల గడువు పెట్టింది: కొత్త చందాదారులకు తొలి ఏడు పూర్తి లూపు ధరలో 25 శాతం, తరువాత 50, ఆపైన 75. సున్నా కోసం అంత పోట్లాడితే చివరికి మెట్లు కట్టి పైకెక్కించారు. ఆ గడువు తీరాక ఇష్టమైతే మామూలు వ్యాపార ఒప్పందం, లేకపోతే లేదు.

పాఠాంతరం

యూరోపియన్ యూనియన్ 2000 నాటి నిబంధనావళిలో ఇదే విషయం ‘లోకల్ లూపులో భాగస్వామ్య ప్రవేశం’ అనే పేరుతో ఉండేది. అక్కడ ‘అధిక’ అనలేదు, ‘స్వరేతర’ అన్నారు. ఫోను మాత్రం పాత కంపెనీయే ఇస్తూ ఉండాలన్న షరతు అక్కడా తప్పలేదు.

భారతదేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2004లో లూపుల్ని పోటీదారులకు తెరవాలని సిఫారసు చేసింది. అదే ఏడు వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం ఆ పని తప్పనిసరి చేయకుండా, పరస్పర అంగీకారానికి వదిలేసింది. అంచేత ఈ సూత్రానికి తెలుగునాట ఉదాహరణ చూపడం కష్టం. ల్యాండ్‌లైన్ ఫోను పక్కన వేలాడిన ఆ చిన్న స్ప్లిటర్ డబ్బాకు రెండు రంధ్రాలున్నా, చాలా ఇళ్లలో రెంటి బిల్లూ ఒకే కవర్లో వచ్చేది.