తీసేసిన చెక్క

కోరంగి మడ అడవిలో నడకదారి పక్కన బోర్లా పడి ఉన్న ఆ చెక్క, తన కథ చెప్పుకునేటప్పుడు ‘నేను’ అనదు. వేల కాళ్ల కింద బతికినదానికి ఆ అలవాటెక్కడిది? ఎవరి సంగతో చెబుతున్నట్టు ‘అది’ అనే అంటుంది.

కోత మిల్లు, రంపం... ఆ ముచ్చట్లు దానికి పట్టవు. దాని గర్వమంతా తన కింద మిగిల్చిన ఖాళీ గురించే.

కాకినాడకు దక్షిణాన, గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ అడవి 1978లో అభయారణ్యమైంది. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. రోజూ పోటొస్తుంది, ఆటొస్తుంది. బురదలో గాలి ఆడదు కనుక తెల్లమడ, నల్లమడ వేళ్లు పెన్సిళ్లలా నేలను చీల్చుకొని పైకొచ్చి ఊపిరి పీలుస్తాయి. అక్కడ మట్టి పోసి రోడ్డేస్తే నీటికి అడ్డుకట్ట, వేరుకు సమాధి. అందుకే స్తంభాలు నాటి, ఎత్తులో చెక్కలు పరిచారు. నీళ్లు కింద నుంచే వచ్చి కింద నుంచే పోతాయి. పీత దారి పీతదే. సింగపూర్‌లోని సుంగేయ్ బులో మడ అడవిలోనూ ఇదే ఉపాయం.

ఇక్కడి కోరంగి రేవు 1839 తుపానుకు దెబ్బతిని మళ్లీ కోలుకోలేదని, తనమీద నడిచేవాళ్ల మాటల్లో చెక్క విన్నది. బర్మాలో తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అనేవారట. ఊరి పేరు మనుషులకు అంటుకుందంటే ఆ రేవు దర్జా ఎంతటిదో!

వచ్చిపోయినవాళ్లలో దానికి బాగా గుర్తున్నది కొమురవెల్లి నుంచి మనవరాలితో వచ్చిన ఓ ముసలాయన. నుదుట ఆ ఊరి దేవుడు మల్లన్న బండారి పసుపు. కర్ర ఆనించి వంగి, కింది వేళ్లను చాలాసేపు చూశాడు.

“గంగరేగు చెట్టు కింద మనం మల్లన్నకు రంగుల ముగ్గుతోని పట్నం ఏస్తం గదా బిడ్డా, ఏసేటప్పుడు ఎవ్వల్ని కాలు వెట్టనియ్యం. ఈడ నేలే పట్నం లెక్కున్నది.”

“అందుకే తాతా, పైనుంచి నడవమన్నరు” అంది పిల్ల.

ఆ మాటకు చెక్క కాస్త పొంగిపోయింది. (ఉప్పుతేమకు చెక్క పొంగడం మామూలేననుకోండి.)

మిగతావాళ్లకు అంత ఓపికేదీ? దానిమీద మేకుతో పేర్లు చెక్కారు, గుండె బొమ్మ గీసి బాణం దించారు. చిప్స్ పొట్లాలు సందుల్లోంచి జార్చితే అవి ఊపిరి వేళ్లకు టోపీల్లా తగులుకున్నాయి.

ఉప్పుగాలికి చెక్కను బిగించిన మేకు తుప్పు పట్టి ఓ మూల పైకి లేచింది. లేచిన మూలను చూసినవాళ్లంతా జాగ్రత్తగా దాటుకుంటూ పోయారు. ఒక్కరూ సుత్తి తేలేదు. చివరికో పిల్లాడు తట్టుకొని పడ్డాడు. మర్నాడే చెక్కను పెకలించి పక్కకు విసిరారు. తప్పు మేకుది, శిక్ష చెక్కకు.

దాని చోట కొత్తది నున్నగా మెరుస్తోంది. అడుగులు దానిమీద టకటకమంటుంటే పాతది వింటూ పడి ఉంటుంది. మొన్నటి అమావాస్య పోటుకు నీళ్లు దాని అంచుదాకా వచ్చాయి. ఒక పీత మేకు రంధ్రంలోకి తొంగిచూసి, ఇరుకనిపించిందేమో, వెళ్లిపోయింది.