ఎమల్సిన్ ఆత్మకథ

బాదం గింజలో పుట్టిన ఎమల్సిన్ తన కథ చెప్పుకుంటే అది విరగ్గొట్టడంతోనే మొదలవుతుంది. చేదు బాదంలో ఎమిగ్డలిన్ అనే చక్కెర సమ్మేళనం ఒక అరలో, తాను మరో అరలో ఉంటాయి. గింజను పురుగు కొరికినా, ఎవరైనా రోట్లో నూరినా రెండూ కలుస్తాయి. అప్పుడు ఎమిగ్డలిన్ విడిపోయి గ్లూకోజు, బాదం వాసన ఉండే బెంజాల్డిహైడ్, విషమైన హైడ్రోజన్ సయనైడ్ వెలువడతాయి. తీపి బాదంలోనూ తాను ఉంటుంది. విరగ్గొట్టడానికి ఎమిగ్డలిన్ దాదాపు ఉండదు, అంతే.

1837లో తనకు ఈ పేరు పెట్టినవారు లీబిగ్, వోలర్ అనే రసాయనవేత్తలు. నిజానికి ఎమల్సిన్ కొన్ని ఎంజైముల కూటమి. అందులో ముఖ్యమైనది బీటా గ్లూకోసిడేజ్. అది బీటా గ్లూకోసైడ్లనే (గ్లూకోజు మరో అణువుతో బీటా రకంగా అతికిన సమ్మేళనాలనే) విడగొడుతుందనీ, ఆల్ఫా రకాన్ని ముట్టదనీ 1894లో ఎమిల్ ఫిషర్ చూపాడు. ఎంజైముకు, అది పట్టుకునే పదార్థానికి ఆయన ఇచ్చిన ప్రసిద్ధ తాళం, తాళంచెవి పోలిక అక్కడిదే.

విడగొట్టే చర్య వెనక్కి కూడా నడుస్తుంది. ఎంజైము గ్లూకోజును పట్టుకున్నాక దాన్ని నీటికి అప్పగిస్తే విడగొట్టినట్టు, ఆల్కహాలుకు అప్పగిస్తే అతికించినట్టు. కాబట్టి నీటిని తగ్గించి ఆల్కహాలును పెంచితే చాలు. 1910ల్లో పారిస్‌లో బూర్కెలో అనే శాస్త్రవేత్త ఇదే పద్ధతిలో రకరకాల గ్లూకోసైడ్లు తయారుచేశాడు. అయితే నీరు బొత్తిగా లేకపోతే ఎంజైము కదలదు. కొద్దిపాటి తడి ఉండి తీరాలి.

రసాయన పద్ధతిలో బీటా రకం ఒక్కటే కావాలంటే సాధారణంగా చక్కెరలోని మిగతా హైడ్రాక్సిల్ సమూహాలను ముందు కప్పాలి, తరువాత విప్పాలి. ఎంజైముకు ఆ బాధ లేదు. చౌకగా కావాలంటే దాన్ని శుద్ధి చేయనక్కర్లేదు కూడా: నూనె తీసిన బాదం పిండి, యాపిల్ గింజల పిండి నేరుగా సరిపోతాయి. పని అయ్యాక పిండిని వడగట్టవచ్చు. రోడియోలా మొక్కలో దొరికే సాలిడ్రోసైడ్‌ను, కణపొర ప్రొటీన్లను కరిగించే ఆక్టైల్ గ్లూకోసైడ్‌ను ఇలా చేయవచ్చు.

అయితే ఈ ఎంజైము పద్ధతిలో వేగం తక్కువ, దిగుబడి సమతాస్థితి దగ్గర ఆగిపోతుంది. అందుకే డిటర్జెంట్ల కోసం టన్నులకొద్దీ చేసే ఆల్కైల్ పాలీగ్లూకోసైడ్లకు పరిశ్రమ ఆమ్లాన్నే వాడుతుంది. ఆల్ఫా, బీటా కలిసిపోయినా అక్కడ నష్టం లేదు. బీటా ఒక్కటే కావలసిన చోట మాత్రం ఎమల్సిన్‌దే పైచేయి.