కుడికి తిరగాలంటే వైపర్ వేయాలి

హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్లు కారు నడిపినవాణ్ణి. మెహదీపట్నం సిటీ బస్సుల మధ్య నుంచీ, దిల్‌సుఖ్‌నగర్ సాయంత్రాల మధ్య నుంచీ బండి మీద గీత పడకుండా బయటపడ్డవాణ్ణి. అంటే, పెద్ద గీత పడకుండా. అలాంటి నాకు నలభై ఆరో ఏట, డాలస్ వచ్చాక, డ్రైవింగ్ నేర్పడానికి ఓ మాస్టారు కుదిరాడు. వరంగల్ మనిషి. కారెక్కుతూనే అడిగాడు:

"అన్నా, నడుపుడు వస్తదా? లేకుంటే ఇండియాల నడిపినవా?"

అవమానం దిగమింగి, జేబులోంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసి చూపించాను. ఏడాది పాటు చెల్లే చిన్న పుస్తకం. అది ఇచ్చేటప్పుడు నన్నెవరూ స్టీరింగ్ ముట్టుకోమనలేదు. ఉన్న లైసెన్సు చూసి ఇచ్చారు. ఉన్న లైసెన్సు ఎలా వచ్చిందంటారా? ఆ రోజు ఏజెంటు స్కూటర్ వెనక కూర్చుని ఆఫీసుకెళ్లాను. ఫోటో దిగాను. సంతకం పెట్టాను. కారుని ‘హెచ్’ ఆకారంలో ముందుకీ వెనక్కీ నడిపి చూపాల్సిన ట్రాక్ వేపచెట్టు కింద హాయిగా పడుకుని ఉంది. దాని నిద్ర పాడుచేయడం మర్యాద కాదని నేనూ, ఆఫీసువారూ అనుకున్నాం.

టెక్సాస్‌లో కొత్తగా కాపురం పెట్టినవాళ్లు 90 రోజుల్లో ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. ముందు రాతపరీక్ష. 30 ప్రశ్నల్లో 21 సరిగ్గా రాస్తే చాలు. ఎంసెట్ రాసిన వంశం మనది, దానికేం భయం? ఒక్కచోట మాత్రం తడబడ్డాను. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలికి రెండు బండ్లు ఒకేసారి వస్తే ముందు ఎవరు వెళ్లాలి? ‘ఎవరి బండి పెద్దదైతే వారు’ అన్న జవాబు కోసం వెతికాను. ఇవ్వలేదు. కుడివైపు ఉన్నవాడికి దారి వదలాలట. సరే, పోనీ.

అసలు పరీక్ష రోడ్డు మీద మొదలైంది. ఇక్కడ ఇండికేటర్ మీట స్టీరింగ్‌కి ఎడమపక్కన ఉంటుంది, నా చెయ్యేమో కుడిపక్కకి పోతుంది. జూలై ఎండకి తారు కరుగుతుంటే, మలుపు మలుపుకీ నా వైపర్లు పొడి అద్దాన్ని కరకరా తుడిచేవి. వీధిలో వాళ్లకి అర్థమైపోయింది, ఇతను కుడికి తిరగబోతున్నాడని. స్వీడన్ 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున దేశం మొత్తంగా రోడ్డుకి ఎడమపక్కన నడపడం నుంచి కుడిపక్కన నడపడానికి మారింది. ఒక దేశం ఒక్క పూటలో చేసిన పనికి నా ఒక్క చేతికి మూడు నెలలు పట్టింది.

హారన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మనకది భాష. ఒకసారి కొడితే ‘వస్తున్నా’, రెండుసార్లు కొడితే ‘జరుగు’, ఆపకుండా కొడితే ఎదుటివాడి వంశచరిత్ర. ఇక్కడ మూడు నెలల్లో ఒకేసారి మోగించాను, అదీ సీటు బెల్టు తీస్తూ మోచేత్తో. వీధంతా కిటికీల్లోంచి చూసింది.

నాలుగు స్టాప్‌ల కూడలిలో ఒకావిడ నన్ను ముందు వెళ్లమని చెయ్యి ఊపింది. నేను కదల్లేదు. మనకి ఉట్టినే దారి ఇచ్చారంటే వెనక ఏదో లారీ వస్తోందనే కదా అర్థం! ఆవిడ మళ్లీ ఊపింది. నేను మళ్లీ అనుమానించాను. చివరికి ఆవిడే విసుగెత్తి వెళ్లిపోయింది.

ఓ రోజు పోలీసు కారు వెనకాల ఎర్రదీపాలూ నీలందీపాలూ వెలిగించింది. మన పద్ధతిలో చటుక్కున దిగి, కాగితాలు పట్టుకుని, వినయంగా ఆయన దగ్గరికి నడిచాను. ఆయన అరిచిన అరుపుకి కాగితాలు అక్కడే పడ్డాయి. ఇక్కడ పోలీసు ఆపితే దిగకూడదు. చేతులు స్టీరింగ్ మీద, ఆయనకి కనబడేలా పెట్టి కూర్చోవాలి. మన దగ్గర దిగకపోతే పొగరు, ఇక్కడ దిగితే ప్రమాదం.

లైసెన్సు పరీక్షలో రెండు బండ్ల మధ్య పక్కగా పార్కింగ్ చేయమన్నారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్‌కీ, సంపుకీ, సెక్రటరీ గారి కారుకీ మధ్య పద్దెనిమిదేళ్లు దూరినవాణ్ణి, అది నాకో లెక్కా? పరీక్షాధికారిణి ముచ్చటపడింది కూడా. కానీ తర్వాతి వీధిలో స్టాప్ బోర్డు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగలేదట. ఫెయిల్. "అక్కడెవరూ లేరు కదా మేడమ్!" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, ఇంకో గడిలో కూడా టిక్కు పెట్టింది.

మాస్టారు ఓదార్చాడు. "ఎవలు లేరని కాదన్నా, బోర్డున్నది గద. మనిషిని జూసి ఆగుడు ఆడ, బోర్డును జూసి ఆగుడు ఈడ."

రెండోసారి పాసయ్యాను. ఆ రాత్రే హైదరాబాద్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి, పౌరబాధ్యత మీద నలభై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. మనవాళ్లకి క్రమశిక్షణ రక్తంలోనే లేదని తేల్చాను. ఇప్పుడైతే అర్ధరాత్రి రెండింటికి, పిట్ట కూడా లేని కూడలిలోనూ మూడు అంకెలు లెక్కపెట్టేదాకా ఆగుతున్నాను. మొన్న పక్కసీట్లో కూర్చున్న మా ఆవిడతో గర్వంగా అన్నాను కూడా: "చూశావా, ఎవరూ లేకపోయినా ఆగాను."

"మొన్నొచ్చిన ఇన్సూరెన్సు కాగితంలో, ఒక్క టికెట్ పడితే ఎంత పెరుగుతుందో మీరే కదండీ ఎర్రసిరాతో గీత గీశారు?" అంది.

నేను మాట మార్చడానికి ఇండికేటర్ వేశాను.

వైపర్లు తిరిగాయి.