సాయం లెక్క

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల పరిశోధన కేంద్రంలోనే పుట్టిన బీపీటీ వరి మా ఊళ్లో కోసి పనల మీదుంది. మా వదిన చేసేది ఎకరం కౌలు. కౌలు పాతిక బస్తాలు పోను మిగిలినవే ఇంటి గింజలు.

లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మొలక ఆగుతుందని వ్యవసాయాధికారి చెప్పాడు. వంటింట్లో ఉన్న కల్లుప్పంతా తీసుకెళ్లి చల్లింది వదిన. అయినా కంకులకు తెల్లగా మొలకలొచ్చాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే 7 శాతం తేమ ఎక్కువ పట్టుకుంటుందట. ఆ తేమంతా కోతల వేళే దిగుతుంటే ఉప్పు ఏం చేస్తుంది?

రేషన్ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు. నలుగురున్న ఇంట్లో అవి ఇరవయ్యో తేదీ దాటవు. ఆపైన వదిన "నాకు ఆకలిగా లేదులే" అనడం మొదలెడుతుంది. కౌలు చేసే ఇళ్లలో ఆడవాళ్లకు సరిగ్గా నెలాఖరుకే ఆకలి ఎందుకు చచ్చిపోతుందో ఏ డాక్టరూ చెప్పలేదు.

రైతు భరోసా కేంద్రంలో నష్టపోయినవాళ్ల జాబితా పెట్టారు. అందులో వదిన పేరు లేదు. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే ఆసామి సంతకం పెట్టాలి. "సంతకం పెడితే పొలం చేజారుతుందమ్మాయ్" అని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. పంటల నమోదు జరిగే ఈ-క్రాప్‌లో ఆయన పేరే ఎక్కింది. హైదరాబాద్‌లో ఉండే ఆసామి పంట నష్టపోయిన రైతయ్యాడు.

మనిషి చెడ్డవాడు కాదు. సంక్రాంతికి కారులో వచ్చి, వదిన ఇంటి ముందు ఒక బియ్యం బస్తా దింపించాడు. "పిల్లలు పస్తులుండకూడదమ్మాయ్" అన్నాడు. వదిన కళ్లనీళ్లు పెట్టుకుని "అయ్యగారూ, మీ పిల్లలు చల్లగా ఉండాలి" అంది. ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను.

ఆ తర్వాత తుఫాను సాయం వచ్చి ఆసామి ఖాతాలో పడింది.

ఉగాదికి లెక్క చూశారు. పుస్తకంలో వదిన బాకీ 26 బస్తాలు. కౌలు పాతిక, సంక్రాంతి బస్తా ఒకటి.