ఆయిల్ లీకును దొరక్కుండా వెతకడం ఎలా?

పొద్దున ఆరున్నరకు హ్యాంగరు తలుపు తీశారు. నాలుగు సీట్ల సెస్నా 172 పొట్ట కింద, ముక్కు నుంచి తోక దాకా నల్లటి చార. నేల మీద అరచేయంత మరక. ఇంజనీరు సారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏమబ్బీ, యాడ కారతాంది?" అన్నాడు. అవతల క్యాంటీన్లో ఉగ్గాని, బజ్జీ చల్లారిపోతున్నాయి.

ఇక్కడే మీ తెలివి తేలాలి. లీకు కనిపెట్టారో, అది మీ నెత్తిన పడుతుంది. విప్పేది మీరే, బిగించేది మీరే, చేతులు కాల్చుకునేదీ మీరే. కనిపెట్టలేదనుకోండి, అది అందరి లీకు. అందరి సొత్తుకు కాపలా ఎవరుంటారు?

కడప విమానాశ్రయం 2015లో మళ్ళీ తెరుచుకుంది. 2021 మార్చి 25న ఓర్వకల్లు విమానాశ్రయం ప్రారంభమైంది, దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. మన పక్క పిల్లలకు కూడా రెక్కల నీడన పని దొరికే రోజులొచ్చాయి. పని నేర్పడానికి బోలెడు పుస్తకాలున్నాయి. తప్పించుకోవడం నేర్పేవాళ్ళే కరువు. ఆ కొరత తీర్చడానికే ఈ చిట్కాలు.

1. ముందు పేరు మార్చండి.

"లీకు" అన్న మాట నోట రానివ్వొద్దు. "చెమట" అనండి. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయే, ఇంజనుకు చెమట పట్టదా? సారు వినకపోతే లెక్క తీయండి. ఈ రకం విమానాల్లో ఉండే లైకమింగ్ ఇంజనుకు ఆ కంపెనీయే ఒక సూత్రం ఇచ్చింది. హార్స్ పవర్‌ను 0.006తో గుణించి, మళ్ళీ 4తో గుణించి, 7.4తో భాగిస్తే గంటకు ఎన్ని క్వార్టుల ఆయిల్ ఖర్చు కావచ్చో వస్తుంది. 160 హార్స్ పవర్ ఇంజనుకు అర క్వార్టు పైచిలుకు, అంటే సుమారు అర లీటరు. అది ఇంజను తాగే ఆయిల్‌కు పెట్టిన ఆఖరి హద్దు, కారడానికి ఇచ్చిన లైసెన్సు కాదు. ఆ ముక్క మింగేయండి. సూత్రం చెప్పి, భాగహారం చేసి, ఆగిపోండి. దశాంశాలు వినగానే సగం మందికి టీ గుర్తొస్తుంది.

2. మరక ఎక్కడుందో తప్పూ అక్కడే ఉందని తేల్చేయండి.

కేసీ కాలవ చివరి రైతును చూడండి. కడప దగ్గర నీళ్ళు రాకపోతే, పోయిన చోటు పైన సుంకేశుల దాకా మూడొందల కిలోమీటర్ల పొడుగులో ఎక్కడైనా ఉండొచ్చు. తెలిసినవాడు గట్టు పట్టుకుని ఎగువకు నడుస్తాడు. ఇంజన్లోనూ అదే పద్ధతి. ప్రొపెల్లర్ తోసే గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది, బరువుకు కిందికి జారుతుంది. కాబట్టి తడి కనిపించిన చోటి నుంచి ముందుకూ పైకీ వెతుక్కుంటూ పోతే, అన్నిటికన్నా ఎగువనున్న తడి దగ్గర దొంగ దొరుకుతాడు.

మీకెందుకా నడక? తోక కింద మరకుంది, తోకలోనే ఏదో అయిందనండి. తోకలో ఆయిలే ఉండదు కాబట్టి అక్కడ ఎంతసేపు వెతికినా మీ పరువుకు ఢోకా లేదు. పైగా తోక నీడన చల్లగా ఉంటుంది.

3. కడగొద్దు. తుడవండి.

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అండర్‌లైన్ చేసుకోండి. ఇంజను మీది మూత, అంటే కౌలింగ్, విప్పి, సాల్వెంటుతో ఇంజను మొత్తం కడిగి, ఆరబెట్టి, ఐదు పది నిమిషాలు నేల మీదే నడిపి ఆపి, టార్చిలైటూ పిడి ఉన్న చిన్న అద్దమూ పట్టుకుని చూశారంటే కొంప మునిగినట్టే. శుభ్రమైన లోహం మీద కొత్త ఆయిల్ బంగారు రంగులో తీగలా సాగి వస్తూ కనిపిస్తుంది. అరపూటలో పని తేలిపోతుంది. మిగతా రోజంతా ఏం చేస్తారు?

అందుకని నిన్నటి పేలికే తీసుకోండి. గ్రీజు, మట్టి, మొన్నటి పెట్రోలు అన్నీ అందులో ఉన్నాయి కదా, దాంతోనే బయటికి కనిపించేంత మేర రుద్దండి. పాత మురికి సమానంగా పరుచుకుంటుంది. ఇక కొత్తదేదో పాతదేదో బ్రహ్మకే తెలియాలి.

పేలికను ఇంజను మీదే మరిచిపోతే? మంచిదే. రేపు వెతకడానికి ఇంకో వస్తువు.

4. పౌడరు మొహానికి రాసుకోండి.

కడిగినా ఆచూకీ తేలకపోతే కొందరు పాదాలకు కొట్టుకునే తెల్లటి పౌడర్ స్ప్రే తెచ్చి, అనుమానమున్న చోట పూత పూసి, ఇంజను కాసేపు నడుపుతారు. తెల్లటి పూత మీద ఆయిల్ నల్లటి గీతలా దిగుతుంది, ఆ గీత పైకొసన లీకుంటుంది. ఇంకొందరు ఆయిల్లో మెరిసే రంగు కలిపి, అతినీలలోహిత లైటు వేసి చూస్తారు. రెండూ చౌక, రెండూ తేలిక, రెండూ ప్రమాదం. లైటులో బ్యాటరీ ఎప్పుడూ అయిపోయే ఉండేలా చూసుకోండి.

5. చల్లగా ఉన్నప్పుడే చూడండి.

కొన్ని లీకులు ఇంజను వేడెక్కి, ఆయిల్ పలచబడి, ప్రెషర్ నిండా ఉన్నప్పుడే బయటపడతాయి. మన ఎండలకు అవి ఇంకా హుషారుగా ఉంటాయి. కాబట్టి తెల్లవారుజామున, రాత్రంతా పడుకున్న ఇంజన్ని, కౌలింగ్ విప్పకుండా, ఆయిల్ పోసే చిన్న తలుపులోంచి ఒంటికన్నుతో చూడండి. "ఏమీ ల్యా" అనండి. అబద్ధమైతే కాదు కదా.

6. బిగించండి. ఇంకా బిగించండి.

అనుమానితుల జాబితా చాంతాడంత. సిలిండర్ల మీది రాకర్ కవర్ గ్యాస్కెట్లు, పుష్‌రాడ్ గొట్టాల చివరి సీళ్ళు, ఆయిల్ తిరిగొచ్చే రబ్బరు పైపులు, ముందు ప్రొపెల్లర్ వెనకుండే క్రాంక్ సీలు, కూలర్ పైపులు, మ్యాగ్నెటో మొదట్లో గ్యాస్కెట్టు, కింద ఆయిల్ వదిలే క్విక్ డ్రెయిన్. ఇన్ని పేర్లు కంఠస్థం చేసే బదులు ఒక పెద్ద పానా పట్టుకుని, కంటికి కనిపించిన ప్రతి నట్టునూ మొహం ఎర్రబడే దాకా తిప్పండి. రాకర్ కవర్ బెండు గ్యాస్కెట్టు నలిగి అప్పడమవుతుంది. నిన్నటి దాకా కారనిది ఇవాళ్టి నుంచి కారుతుంది. దాన్నే పురోగతి అంటారు.

ఛాంపియన్ ఆయిల్ ఫిల్టరు మీద 16 నుంచి 18 ఫుట్ పౌండ్లు బిగించమని అచ్చేసి ఉంటుంది. టార్క్ పానా బీరువాలో ఉంది, తాళం స్టోర్ కీపర్ దగ్గరుంది, ఆయన పెళ్ళికని ప్రొద్దుటూరు పోయాడు. రెండు చేతుల బలమే మీ టార్కు. ఫిల్టరు ఊడకుండా కట్టే లాకింగ్ వైరు సంగతి? చేతికి గుచ్చుకుంటుంది, వద్దు.

ఇంకా కారితే గమ్ము పూయండి. ఎం-సీల్ ఉంటే మరీ మంచిది. గ్యాస్కెట్ల చుట్టూ గమ్ము దట్టంగా దట్టిస్తే కొంత లోపలికి కూడా పొంగుతుంది. ఆ ముక్కలు ఎప్పుడో తెగి, ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడతాయి. అప్పటికి మీరు వేరే కంపెనీలో ఉంటారు.

ఒక్క చోటు మాత్రం జాగ్రత్త. సిలిండరు ఇంజను కేసుతో కలిసే అంచున తడి కనిపిస్తే అటు అద్దం తిప్పొద్దు. సిలిండర్ను పట్టి ఉంచే బోల్టులు సడలాయనడానికి అది గుర్తు కావచ్చు. చూస్తే విమానం ఆపాలి. చూడకపోతే ఆపక్కర్లేదు.

7. నిండా పోయండి, లెక్క రాయకండి.

ఈ విమానం సంపులో ఎనిమిది క్వార్టులు పడుతుంది. అనుభవమున్నవాళ్ళు చాలామంది ఆరో ఏడో దగ్గర ఆపుతారు, ఎందుకంటే నిండా పోస్తే పైనున్నదాన్ని ఇంజను బ్రీదర్ గొట్టంలోంచి బయటికి ఊదేస్తుంది. మీరు రోజూ డిప్‌స్టిక్ మీద ఎనిమిది గీత దాటించి పోయండి. పొట్టంతా తడుస్తుంది. ఎవరడిగినా "బ్రీదర్ సార్" అనండి. ఈ ఒక్క మాటతో ఒక ఉద్యోగం మొత్తం నెట్టుకొచ్చినవాళ్ళున్నారు. అరిగిన పిస్టన్ రింగుల పక్కనుంచి గ్యాసు కిందికి దూరినా ఆయిల్ ఇదే గొట్టంలోంచి వస్తుంది గనుక, అసలు జబ్బు కూడా ఈ మాట కింద హాయిగా నిద్రపోతుంది.

ఏ రోజు ఎన్ని గంటలు ఎగిరింది, ఎంత పోశాం అని వరసగా రాసి పెట్టారో, పది రోజుల్లో ఆ అంకెలే మీ మీద చాడీలు చెబుతాయి. రాయక తప్పకపోతే సిమెంటు బస్తా కాగితం మీద పెన్సిల్‌తో రాయండి. ఖాళీ డబ్బాలు పాత సామాన్లవాడికి వెయ్యండి.

8. చరిత్ర చెప్పండి.

యజమాని బిల్లులు చూసి గొణిగితే మొదటి ప్రపంచ యుద్ధంలోకి తీసుకెళ్ళండి. అప్పటి నోమ్, ల రోన్ రోటరీ ఇంజన్లలో పోసింది సాక్షాత్తు ఆముదం. ఒకసారి ఇంజన్లోకి వెళ్ళిన ఆముదం తిరిగి ట్యాంకుకు వచ్చే ఏర్పాటే లేదు. పొగతో పాటు బయటికి చిమ్మేది, పైలట్ మొహాన పడేది. అది మింగి పైలట్లు దొడ్డి దారులు వెతుక్కున్నారని చెప్పుకుంటారు. "కారడం అప్పుడు డిజైను సార్, ఇప్పుడు లోపమంటున్నారు" అని నిట్టూర్చండి. మా ఆదోని పక్క ఆముదాల చేలున్న ఆసామి అయితే ఈ మాటకు ఎంతో సంతోషిస్తాడు. ఇంజన్లో ఆముదం పోద్దామని ఆయనే అంటే మాత్రం అడ్డు చెప్పకండి.

9. నేల ఎంచుకోండి.

సిమెంటు నేల చాడీకోరు. విమానాన్ని కడప నల్లబండల మీద నిలపండి. నల్ల నేల మీద నల్ల చుక్క దేవుడికి కూడా కనపడదు. ఆ వసతి లేకపోతే రోజుకో అడుగు పక్కకు జరపండి, ఒకే చోట పెద్ద మరక పడదు. ట్రే మాత్రం పెట్టొద్దు. ట్రేలో పడిన ఆయిల్ కొలవడానికి వీలైపోతుంది.

10. లాగ్ బుక్కు మీ చేతిరాతకు తగదు.

స్నాగ్, అంటే కనిపించిన లోపం, రాయొద్దు. రాస్తే లైసెన్సున్న ఇంజనీరు చూడాలి, సరిచేసి సంతకం పెట్టాలి, అప్పటిదాకా విమానం కదలదు. ట్రైనింగు పిల్లలు క్యూలో ఉన్నారు, గంట గంటకూ డబ్బు. "గ్రౌండ్ రన్ చేశాం, లీకు కనపడలేదు" అని నోటితో చెప్పండి. కౌలింగ్ మూసి ఉందని ఎవరూ అడగరు. అడిగితే నిన్న ఎగిరిన కుర్రాడి మీదికి తోసేయండి. కుర్రాళ్ళకు యూనియన్ ఉండదు.

11. ఒక మాట వస్తే లేచిపోండి.

క్యాంటీన్లో ఎవరో ఒక పెద్దాయన ఉంటాడు. "రొంత నూనే కదా" అని మీరనగానే గ్లాసు కింద పెట్టి, 2009 సెప్టెంబర్ 2 అంటాడు. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్, నల్లమలలో పావురాల గుట్ట, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో కలిపి ఐదుగురు. ఆ చివరి నిమిషాల్లో పైలట్లు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ హెచ్చరిక సంగతి తేల్చడంలో మునిగి ఉన్నారని విచారణ కమిటీ రాసిందని కూడా చెబుతాడు. అది ఇంజను కాదు, గేర్‌బాక్సు, పైగా ఆ రోజు వాన అని మీ దగ్గర జవాబుంటుంది. చెప్పకండి. ఆయన కళ్ళలోకి చూడకండి. టీ డబ్బులిచ్చి బయటికి నడవండి.

12. చివరిగా, పైలట్‌కు ధైర్యం నూరిపోయండి.

ఆయిల్ ప్రెషర్ ముల్లు పచ్చగీత దిగిందనీ, టెంపరేచర్ మాత్రం మామూలుగానే ఉందనీ అంటే గేజిది తప్పయి ఉండొచ్చని విమానం పుస్తకంలోనే ఉంది. ఇంతవరకే చదివి వినిపించండి. ప్రెషర్ పడిపోయి టెంపరేచర్ పెరుగుతుంటే ఇంజను ఆగబోతోంది, పవర్ తగ్గించి దిగడానికి చోటు చూసుకోమని కిందే ఉన్న వాక్యం మీద మీ బొటనవేలు ఆనించి పెట్టండి. "ముల్లును వేలితో ఒకటి కొట్టు, పైకి లేస్తాది" అని వీపు తట్టి పంపండి.

ఇక మీరు ఉగ్గాని తినొచ్చు. రెండో వాయి బజ్జీ వేడిగా ఉంటుంది.

పదకొండుకు ఫోనొస్తుంది. విమానం బుడ్డల చేన్లో దిగింది. కుర్రాడు బాగానే ఉన్నాడు, చేతులే వణుకుతున్నాయి. రైతు నాలుగు సాళ్ళు పోయాయని లెక్క కడుతున్నాడు, చుట్టూ ఊరు ఊరంతా సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడింది. ప్రొపెల్లర్ చేత్తో తిప్పితే తిరగదు. ఫిల్టరు కోసి చూస్తే మడతల నిండా వెండిరజను లాంటి లోహపు పొడి. ఇంజను దించి, చెక్కపెట్టెలో మేకులు కొట్టి ఓవర్‌హాల్‌కు పంపుతారు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు హ్యాంగరు తలుపు తీయండి. సారును పిలిచి నేల చూపించండి. ఒక్క చుక్క లేదు.