తెరచాప పడవకు కరెంటు మోటారు: కొన్ని ఎదురు సలహాలు

చెసపీక్ అఖాతంలో పాత తెరచాప పడవ కొనుక్కున్నవాళ్లకు మొదటి వేసవి దాటకముందే ఒక ఆలోచన వస్తుంది. వెనక వేలాడుతూ పొగ కక్కే పెట్రోలు ఇంజిన్ని తీసేసి కరెంటు మోటారు పెట్టుకుందామని. చాలా మంచి ఆలోచన. దాన్ని చెడగొట్టేవి ఆ తర్వాత దొరికే సలహాలు. పెద్ద మోటారు కొను, బ్యాటరీలు పట్టినన్ని పెట్టు, పెట్రోలుతో ఎంత దూరం పోయేవాడివో కరెంటుతోనూ అంత దూరం పోవాలి అంటారు. మేరీలాండ్‌లో, వర్జీనియాలో ఉంటూ పడవ మీద మనసు పడిన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చెప్పేదంతా ఆ మాటలకు ఎదురు. రేవులో ఎవరు విన్నా తల అడ్డంగా ఊపుతారు. ఊపనివ్వండి.

ముందుగా, ఒక వేసవంతా మోటారే కొనకండి. ఇంజిన్ని దింపి షెడ్డులో పెట్టండి. పొడవాటి తెడ్డు ఒకటి సంపాదించండి. పడవల సందడి లేని చోట, తెరచాప దించడం ఎత్తడం బాగా తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని మొదలుపెట్టండి. లిన్, లారీ పార్డీ దంపతులు 24 అడుగుల సెరాఫిన్ అనే తెరచాప పడవను తమ చేతులతో కట్టుకుని 1968లో నీళ్లలోకి దింపారు. ఇంజిను లేకుండానే అందులో ప్రపంచాన్ని చుట్టారు. అంత సాహసం మనకు అక్కర్లేదు. కానీ ఒక్క వేసవి చాలు, మోటారు లేని లోటు మీకు ఎక్కడెక్కడ తెలిసిందో లెక్క తేలుతుంది. చాలామందికి అది వాగు మూతి నుంచి రేవు దాకా ఉండే ఆఖరి అర మైలు, ఆగస్టులో గాలి చచ్చిపోయిన ఒకటి రెండు సాయంత్రాలు. మోటారు కొనాల్సింది ఆ అర మైలుకి. మిగతా అఖాతానికి తెరచాప ఉంది.

ఇక శక్తి లెక్క. ఇది మనసుకెక్కితే తక్కిన సలహాలన్నీ వాటంతటవే వస్తాయి. కెటాలినా 22 పడవనే తీసుకోండి. 15 వేలకు పైగా తయారైన పడవ, తూకం ఇంచుమించు ఒక టన్ను, పాతది ఏ రేవులోనైనా దొరుకుతుంది. నీరు నిలకడగా ఉండి ఎదురుగాలి లేనప్పుడు వెయ్యి వాట్ల మోటారు దాన్ని గంటకు నాలుగు సముద్రపు మైళ్ల దాకా తోస్తుంది. పడవ నీటిని చీల్చడానికి కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం సగానికి తగ్గిస్తే శక్తి ఎనిమిదో వంతు చాలు. 1.28 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో నాలుగు మైళ్ల వేగంలో ఐదు మైళ్లు పోతారు. మూడు మైళ్ల వేగంలో తొమ్మిది. రెండు మైళ్ల వేగంలో అదే బ్యాటరీ ఇరవై మైళ్లు తీసుకెళుతుంది. ఇవి కాగితం లెక్కలు, నీళ్ల మీద కొంత తగ్గుతాయి. అయినా ఆ మూడు అంకెల మధ్య తేడా చూడండి. రెండో బ్యాటరీ కొంటే దూరం రెట్టింపు అవుతుంది. చేతిలో ఉన్న మీటను వెనక్కి లాగితే నాలుగు రెట్లు అవుతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా. అందుకే నెమ్మదిగా వెళ్లండని ఇంత గట్టిగా చెబుతున్నాను.

పెట్రోలుతో పోటీ మాత్రం పెట్టుకోకండి. లీటరు పెట్రోలులో దాదాపు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజిను అందులో ఎక్కువ భాగాన్ని వేడి కింద పోగొట్టినా, మిగిలింది పైన చెప్పిన బ్యాటరీ మొత్తంతో సమానంగా పనిచేస్తుంది. ఆ బ్యాటరీ బరువు పది కిలోల పైమాటే. ఐదు లీటర్ల డబ్బాతో సమానం కావాలని బ్యాటరీలు పేర్చుకుంటూ పోతే పడవ నీళ్లలోకి దిగబడి, ఉన్న కాస్త గాలికీ కదలడం మానేస్తుంది.

ఇప్పుడు చెప్పేదానికి రేవువాళ్లు అన్నిటికంటే గట్టిగా అడ్డుపడతారు: మోటారును పడవకు బిగించకండి, వెనకాల కట్టుకెళ్లే చిన్న డింగీకి బిగించండి. ఇది నా సొంత తెలివి కాదు, చెసపీక్‌దే. ఈ అఖాతంలో ఆల్చిప్పలను గోకి తీసే పని తెరచాప పడవలే చేయాలని మేరీలాండ్ 1865లో చట్టం చేసింది. ఆ పనికోసం పుట్టిన పడవే స్కిప్‌జాక్. 1985 నుంచి అది ఆ రాష్ట్రపు అధికారిక పడవ. దాని కడుపులో ఇంజిను ఉండదు. వెనక భాగాన రెండు కొక్కేలకు ఒక చిన్న పడవ వేలాడుతుంది, ఇంజిను దాంట్లో ఉంటుంది. గాలి లేనప్పుడు ఆ చిన్న పడవను నీళ్లలోకి దించి, దాని ముక్కును పెద్ద పడవ వెనక భాగానికి ఆనించి తోస్తారు. 1967లో చట్టం మార్చి, వారానికి రెండు రోజులు ఆ తోపుతోనే ఆల్చిప్పలు తీయడానికి ఒప్పుకున్నారు. బతుకుతెరువు కోసం పడవ నడిపినవాళ్లు అన్ని తరాలు ఈ ఏర్పాటుతో నెట్టుకొచ్చారంటే, ఆదివారం షికారుకు వెళ్లే మనకు సరిపోదా?

డింగీని పక్కన, బాగా వెనక్కి కట్టండి, దాని మోటారు మీ చుక్కాని కంటే వెనకపడేలా. ముందో తాడు, వెనకో తాడు, తోపు బరువంతా మోసే ఏటవాలు తాడు ఒకటి. మధ్యలో మెత్తలు. వాగులో, రేవులో, నిలకడ నీళ్లలో ఇది చక్కగా పనిచేస్తుంది. అలలు లేస్తే మాత్రం పనికిరాదు, వెంటనే విప్పేయండి. లాభాలు చూడండి. పడవకు కొత్త బెజ్జం పడదు. తెరచాప మీద పోయేటప్పుడు ప్రొపెల్లరు నీళ్లలో ఈడ్చుకురాదు. ఒడ్డుకు వెళ్లడానికి అదే మోటారు. పడవ అమ్మేస్తే మోటారు మీ దగ్గరే ఉంటుంది.

బ్యాటరీకని దాచిన డబ్బుతో తెరచాప కుట్టించండి. జులై, ఆగస్టుల్లో ఇక్కడ గాలి నీరసంగా ఉంటుంది. డ్రిఫ్టరు అనే పల్చటి నైలాన్ తెరచాప ఒకటి ఉంటే ఆ ఊపిరి లాంటి గాలికీ పడవ నడుస్తుంది. ఇంకా మిగిలితే పడవ అడుగు గీకించండి. ఈ నీళ్లలో బార్నకిల్స్ త్వరగా పట్టేస్తాయి, గరుకు అడుగుతో నడిచే పడవ ఎంత బ్యాటరీనైనా తాగేస్తుంది.

తుపాను మబ్బు పట్టినప్పుడు పెద్ద మోటారు కాపాడుతుందని చెప్పేవాళ్ల మాట నేనసలు ఒప్పుకోను. వేసవి మధ్యాహ్నాల్లో పడమటి నుంచి ఉరుములతో వచ్చిపడే గాలివానకు ఎదురీదాలని చూడటమే ప్రమాదం. ఈ అఖాతం సగటు లోతు ఆరున్నర మీటర్లు, చాలాచోట్ల అడుగున బురద. మంచి లంగరు, చాలినంత తాడు ముందు భాగాన సిద్ధంగా పెట్టుకోండి. చినుకు పడకముందే తెరచాపలు దించి, ఓడల దారికి ఎడంగా లంగరు వేసి, లైఫ్ జాకెట్లు తొడుక్కుని కూర్చోండి.

తెరచాప మీద పోతూ ప్రొపెల్లరుతో బ్యాటరీ నింపుకోవచ్చన్న ఆశ చిన్న పడవకు వద్దు. వచ్చేది పదుల వాట్లు, పోయేది వేగం. వంద వాట్ల సోలార్ పలక మంచి ఎండ రోజున మూడు నాలుగు వందల వాట్ అవర్లు ఇస్తుంది, అది నయం.

27 అడుగుల పడవ కడుపులో ముసలి అటామిక్ 4 ఇంజిను ఉన్నవాళ్లకు డింగీ సలహా కుదరదని తెలుసు. 1947 నుంచి 1985 దాకా తయారైన ఆ 30 గుర్రాల పెట్రోలు ఇంజిను 150 కిలోల దాకా తూగుతుంది. అది దిగిపోగానే ఆ ఖాళీనంతా బ్యాటరీలతో నింపాలనిపిస్తుంది. నింపకండి. నాలుగైదు కిలోవాట్ల మోటారు, 48 వోల్టుల మీద 5 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పెట్టి, మిగిలిన డబ్బులోంచి కొంత పెద్ద ప్రొపెల్లరుకు పెట్టండి. నింపాదిగా తిరిగే పెద్ద రెక్క, గిరగిరా తిరిగే చిన్న రెక్క కంటే ఎక్కువ తోస్తుంది.

ఒక్కచోట మాత్రం అందరి మాటే నా మాట: వైరింగ్. నాలుగు కిలోవాట్లు 12 వోల్టుల మీద లాగితే 330 ఆంపియర్లు దాటుతుంది, 48 మీద 85 లోపే. తీగ మందం, వేడి, మంట భయం అన్నీ ఆ తేడాలోనే ఉన్నాయి. లిథియం బ్యాటరీ షార్టయితే వేల ఆంపియర్లు దూకుతాయి, కాబట్టి దాని పక్కనే క్లాస్ టి ఫ్యూజు ఉండాలి. పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ ఉండేది అనపోలిస్‌లోనే. లిథియం బ్యాటరీల మీద ఇ-13 ప్రమాణాన్ని 2022లో తెచ్చింది. అది చదివినవాళ్ల చేతనే బిగించుకోండి.

మోటారు చప్పుడు చేయకపోయినా, అది తిరుగుతున్నంతసేపు తెరచాప ఎత్తి ఉన్నా సరే, దారి నిబంధనల ప్రకారం మీది మర పడవే. చెసపీక్ నుంచి డెలావేర్‌కు పోయే 14 మైళ్ల కాలువలో తెరచాప మీద పోనివ్వరు, ప్రవాహమూ గట్టిగా ఉంటుంది. డింగీ మోటారుతో అటు పోకండి, లాక్కెళ్లే పడవను మాట్లాడుకోండి. చలికాలంలో బ్యాటరీని సగం చార్జీతో ఇంట్లోకి తెచ్చుకోండి. లిథియం బ్యాటరీ సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జి చేస్తే అది మళ్లీ బాగుపడదు.