పొట్లం వెనక పత్తి చేను

రాజమండ్రి దానవాయిపేటలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారికి పొట్లాల వెనక చదివే జబ్బు పట్టుకుంది. చీమ తలకాయంత అక్షరాలను భూతద్దం పెట్టి చదివితే గానీ మిక్చర్ నోట్లో వేసుకోరు. మొన్న సాయంత్రం పామోలిన్ పక్కన పత్తి గింజల నూనె కనబడేసరికి కుర్చీలోంచి లేచిపోయారు.

“పత్తితో ఒత్తులు చేసుకుంటాం గానీ తినడమేమిటండీ?” అన్నారు మాస్టారి భార్య.

ఆవిడకి తెలియకుండా తింటూనే ఉన్నారు. కాయతొలుచు పురుగుని చంపే ప్రొటీన్‌ను మొక్కే తయారు చేసుకునేలా, నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును చేర్చితే బీటీ పత్తి అయింది. దానికి కేంద్రం 2002 మార్చిలో అనుమతిచ్చింది. ఇప్పుడు దేశంలో పత్తి సాగు నూటికి తొంభై పాళ్లు అదే. దూది తీశాక మిగిలిన గింజను ఎవరు పారేస్తారు? చెక్క గేదెకి, నూనె మనకి. శుద్ధి చేసిన నూనెలో జన్యువు, ప్రొటీన్ దాదాపు మిగలవంటారు శాస్త్రవేత్తలు. మాస్టారికి ఆ ‘దాదాపు’ దగ్గరే పేచీ. లెక్కల మనిషి కదా!

వంకాయ విషయంలో మాత్రం దేశం ఊరుకోలేదు. బీటీ వంకాయకి 2009 అక్టోబరులో నిపుణుల కమిటీ పచ్చజెండా ఊపితే, హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో జనం మాట విని, 2010 ఫిబ్రవరి 9న అప్పటి మంత్రి జైరాం రమేశ్ ఆపేశారు. గుత్తి వంకాయ పరువు దక్కింది. ఆ వంకాయనే బీటీ గింజల నూనెలో వేయిస్తే అడిగే నాథుడు లేడు.

జన్యుమార్పిడి ఆహారమైతే పొట్లం పైభాగాన ‘జీఎం’ అని వేయాలన్న నిబంధన 2013 జనవరి 1 నుంచి ఉంది. మాస్టారు వీధి చివరి కిరాణా కొట్లో అదే వెతికారు.

“ఎందుకు లేదండీ, ఆయ్! ఇదిగో, రెండొందల జీఎం” అని గ్రాముల అంకె చూపించాడు కొట్టతను.

2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 65 ఆహార పదార్థాల్ని పరీక్షిస్తే, 21 పదార్థాల్లో జన్యుమార్పిడి ఆనవాళ్లు కనబడ్డాయి. కొట్టతనికి ఆ సంగతి చెబితే తూకం మీంచి తల కూడా ఎత్తలేదు.

ఈలోగా వ్యవహారం అన్నం కంచం దాకా వచ్చింది. మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 1010, అదే కాటన్‌దొర సన్నాలు, ఢిల్లీ శాస్త్రవేత్తల చేతిలో పడి 2025 మేలో ‘పూసా డీఎస్టీ రైస్ 1’గా విడుదలైంది. బయటి జన్యువు చేర్చలేదు, ఉన్నదాన్నే కాస్త కత్తిరించారు. ఇలాంటి వాటిని జీవభద్రత నిబంధనల్లోంచి 2022లోనే తప్పించారు. భూతద్దానికి దొరికే వ్యవహారం కాదది.

మాస్టారు ఆందోళనగా నరసాపురంలో బావమరిదికి ఫోన్ చేశారు.

“జన్యువు గొడవ తరవాత చూద్దాం బావగారూ. ఉప్పు నేలని తట్టుకుంటుందంటున్నారు కదండీ, దాళ్వాకి విత్తనం దొరుకుద్దేమో కాస్త కనుక్కోండి” అన్నాడాయన.